సర్వో అడుగున గంధం

సర్వో అనే వస్తువు అగ్గిపెట్టెలో సగముంటుంది. నల్లని ప్లాస్టిక్ డబ్బా, దాని పైన చిన్న తెల్లని చేయి, వెనుక మూడు రంగుల తీగలు. మనిషి నేలమీద నిలిచి చేతిలోని పెట్టెపై పుల్లను కదిపితే, పైన ఎగురుతున్న ఆటవిమానం కడుపులో ఈ చేయి కదులుతుంది. అది ఒక సన్నని ఇనుప కమ్మిని లాగుతుంది. ఆ కమ్మి తోకరెక్కను ఎత్తుతుంది, దించుతుంది. ఇటువంటి వస్తువొకటి లోకంలో ఉన్నదని నాకు అరవై దాటిన తరువాతనే తెలిసింది. తెలియకపోయినా నాకు కొరత ఉండేది కాదు. కాని దాని మూలంగా ఒక మనిషి జీవనోపాధి పోయే స్థితి వచ్చింది. అందులో నా చేతి పని కొంత ఉన్నది గనుక వ్రాయక తప్పదు.

ఆ మనిషిని నేను మొదట చూచింది పుంగనూరులో. తొంభైలలో నేనక్కడి ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేవాడిని. బస్టాండు ప్రక్కన అతనికి రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే అంగడి ఉండేది. నా రేడియో ఏడాదికి రెండుసార్లయినా అతని బల్లమీదికి చేరేది. అతికిన ప్రతి కమ్మినీ గోటితో లాగి చూడనిదే తిరిగి ఇచ్చేవాడు కాడు. వయసులో నాకన్న ఇరవై ఏళ్ళు చిన్న. నా దగ్గర చదువుకోకపోయినా నన్ను ‘అయివారూ’ అనే పిలిచేవాడు.

తరువాత రేడియో చెడితే బాగుచేయించడం మాని క్రొత్తది కొనే కాలం వచ్చింది. అంగడి మూతపడింది. నేను ఉద్యోగ విరమణ చేసి మదనపల్లెలో స్థిరపడినాను. నా భార్య తమ్ముడు కుప్పం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో అధ్యాపకుడు. అతనికి నేనొక జాబు వ్రాసి, ఈ పుంగనూరు మనిషిని ప్రయోగశాలలో సహాయకుడుగా చేర్పించినాను. ఏడాదికొకసారి కొనసాగించే ఉద్యోగమది. కళాశాల కార్యదర్శి సరేనంటే ఉంటుంది, వద్దంటే లేదు. వారమంతా కుప్పంలో ఉండి శనివారం పుంగనూరు చేరేవాడు. ఇంట్లో తల్లి, భార్య, బడికి పోయే ఇద్దరు బిడ్డలు. నలుగురికీ అతని జీతమే ఆధారం.

ఆ ఏడు కళాశాల ప్రదర్శన కోసం మా బావమరిది బెంగుళూరు నుండి థర్మోకోల్ విమానం ఒకటి ముక్కలుగా తెప్పించినాడు. అతికించి, బిగించి, నిలబెట్టే పని పుంగనూరు మనిషిది. ఆయుధపూజ నాటికి నేను కుప్పంలో బావమరిది ఇంట్లో ఉండడం తటస్థించింది. మంత్రం తెలిసిన పెద్దవాడు ఇంట్లో ఉండగా పురోహితుణ్ణి పిలవడమెందుకని ప్రయోగశాల పూజ నాచేత చేయించినారు. బల్లమీద తెల్లగుడ్డ పరచి పట్టకార్లు, సీసం కరిగించే అతుకుకడ్డీలు, మీటర్లు, విమానపు ముక్కలు, వాటి ప్రక్కన నాలుగు సర్వోలు వరుసగా పేర్చి ఉంచినారు. నేను ఒక్కొక్కదానికి గంధం పూసి కుంకుమ పెట్టుకొంటూ వచ్చినాను. సర్వోకు నుదురు ఏదో నాకు తెలియదు. చేయి ఉన్నవైపు పెడితే లోపలికి తడి దిగుతుందేమోనని జంకి, చదునుగా నున్నగా ఉన్న రెండవవైపున పెట్టినాను. గంధం కొంచెం ఉదారంగానే పూసినాను.

నెల తిరగకముందే విమానం కూలిన సంగతి తెలిసింది. వేరుశనగ పీకేసిన చేనిలో ఎగురవేసినారట. కార్యదర్శి తన స్నేహితులిద్దరిని వెంటబెట్టుకొని చూడవచ్చినాడట. రెండు చుట్లు బాగా తిరిగి, మూడవ చుట్టులో తోక మాట వినడం మానింది. ముక్కుతో వచ్చి గట్టుకు గుద్దుకొంది. కడుపు తెరిచి చూస్తే తోకకు సంబంధించిన సర్వో ఊడి లోపల దొర్లుతూ ఉన్నది. అది ఊడితే విమానానికి దిక్కు లేదు. బిగించిందెవరని కార్యదర్శి అడిగినాడు. మా బావమరిది పుంగనూరు మనిషిని చూపినాడు. ఊరికే చూపడం కాదు, అజాగ్రత్తగా బిగించినందున పడిందని కాగితం మీద వ్రాసి ఇచ్చినాడు. ఈ నెలాఖరు తరువాత రానక్కరలేదనీ, అంతవరకు ఆ విమానాన్ని ముట్టరాదనీ కార్యదర్శి చెప్పినాడు.

అయినా ప్రదర్శన ఆగదు కదా. విమానాన్ని బాగుచేయగల చేయి కుప్పంలో మరొకటి లేదు. మా బావమరిది ఒక ఉపాయం పన్నినాడు. విమానాన్ని దుప్పటిలో చుట్టి ఆ మనిషి చేతికే ఇచ్చి, మదనపల్లెకు పొమ్మన్నాడు. పాత పుస్తకాలు విప్పి కుట్టే అలవాటు నాకున్నది. కత్తులు, దబ్బనాలు, అదుముడుబల్ల, మైనం పట్టించిన దారం అన్నీ మా ఇంట్లో ఉంటాయి. అక్కడ కూర్చొని బాగుచేస్తే ఎవరికీ తెలియదని అతని లెక్క. తీసివేసిన మనిషి చేతనే, తీసివేయడానికి కారణమైన వస్తువును, చాటుగా బాగుచేయించడం నాకు రుచించలేదు. వద్దని చెప్పడానికి ఫోను తీసేలోపల మనిషి గుమ్మంలోకి రానే వచ్చినాడు.

నా భార్య దుప్పటి విప్పి చూచి, “ఇన్నాళ్ళూ చివికిన పుస్తకాలు కుడతాంటిరి. ఇప్పుడు విమానాలు కూడా పడినాయా మీ ప్రాణానికి?” అన్నది. తమ్ముడి నిర్వాకమని తెలిసిన తరువాత కాఫీ పెట్టింది.

విమానం ముక్కు నలిగి లోపలికి పోయింది. కడుపు నిలువునా చీలింది. ఎడమ రెక్క కణుపు దగ్గర విరిగింది. అతను తొందరపడలేదు. మొదట వేడినీళ్ళు అడిగినాడు. నలిగినచోట గుడ్డతో వేడినీరు అద్దితే థర్మోకోల్ మెల్లగా ఉబ్బి చాలావరకు తన ఆకారానికి వచ్చింది. అది చూచి నాకు నిజంగా ఆశ్చర్యం కలిగింది. తడి ఆరేదాకా నా అదుముడుబల్ల మీద ఉంచి, చీలికలు అతికించడానికి ఏ బంక వాడాలో విచారించినాము. మా ఇంట్లో సైకిలు ట్యూబుకు పూసే సొల్యూషన్ ఉంటే తెచ్చి ఇచ్చినాను. అతను విరిగిన తుంపు ఒకటి తీసుకొని దానిపై ఒక బొట్టు వేసినాడు. బొట్టు పడినచోట తుంపు కరిగి గుంటపడింది.

“సూడండి సామీ. దీంతో అతికిస్తే విమానం ఉండదు, రంధ్రాలే ఉంటాయి” అన్నాడు.

నేను మైదాపిండిలో మైలతుత్తం కలిపి ఉడికించే నా జిగురును సూచించినాను. పురుగు పట్టదని గొప్ప కూడా చెప్పినాను.

“పుస్తకానికి పురుగు భయం గానీ, విమానానికేం పురుగు పడతాది అయివారూ? పడితే దాంతోబాటే ఎగురుతాది” అని నవ్వినాడు. చివరకు వడ్రంగులు వాడే తెల్లబంక తెప్పించినాము. ఉద్యోగం పోతున్న మనిషి నవ్వుతుండగా నవ్వలేని నేను చేతకానివాడిలా కూర్చొన్నాను.

రెండవనాడు సర్వోల వంతు వచ్చింది. రెక్కల్లోని రెండూ గాడిలో కూర్చుని, ప్రక్కలనుండి బంక పట్టి ఉన్నందున కదలలేదు. కడుపులోనివి రెండు. ఒకటి ఊడినది. రెండవది చుక్కానిని తిప్పేది. పైకి స్థిరంగానే ఉన్నది. అతను గోరు పెట్టి లాగగానే అదీ వచ్చేసింది. రెండువైపులా అంటుకొనే టేపు దాని అడుగునే ఉండిపోయింది. తిప్పి, టేపు అంచును ఒలిచి, కిటికీ వెలుతురులో పెట్టి చూచినాను. టేపు ఆ డబ్బాకు నాలుగంచుల దగ్గర మాత్రమే పట్టి ఉన్నది. నడుమ, టేపుకూ ప్లాస్టిక్‌కూ మధ్య, పొరలు పొరలుగా లేచిన పసుపుపచ్చని పొడి. ఆ పొడి నడిమిన ఎర్రని చుక్క.

నా కంటికి అది ఏమిటో తెలియడానికి క్షణం కూడా పట్టలేదు. దాన్ని పెట్టిన వేలు నాది. అయినా ఊడిన మొదటిదాన్ని కూడా చేతికి తీసుకొని చూచినాను, ఇదొక్కటే అయి ఉంటుందేమోనన్న ఆశతో. దాని అడుగున టేపే లేదు. గంధం పొడి, కుంకుమ చుక్క మాత్రం ఉన్నాయి. టేపు విమానం కడుపులో నున్నగా అంటి ఉండిపోయింది.

“ఇది నేను పెట్టిన గంధం కదప్పా” అన్నాను.

అతను స్పిరిటులో దూదిని ముంచుతూ, “అవును సామీ” అన్నాడు.

“నీకు ముందే తెలుసునా?”

“అంటించేటప్పుడే సూసినా. ఆరిపోయి ఉండింది. గోటితో గీకితే పోయేదే.”

“మరి గీకలేదేమి?”

అతను దూదిని పిండి, సర్వోను తిప్పి పట్టుకొని, ఇంకా తుడవకుండా అట్లే ఉంచినాడు. “ఆయుధపూజకు పెట్టిన బొట్టు. మీ సేత్తో పెట్టింది. మూడోనాడే గీకి పారేస్తే మనసొప్పుతాదా సామీ? టేపు గట్టిదే కదా, పట్టుకుంటాదిలే అనుకున్నా. నా తప్పే.”

పడిన తరువాతనైనా ఎందుకు చెప్పలేదని అడిగినాను. ఏమని చెప్పేదని అతను తిరిగి నన్నే అడిగినాడు. జాబు వ్రాసి ఉద్యోగమిప్పించిన అయివారు గంధం పూసినందువల్ల విమానం పడిందని కార్యదర్శి ఎదుట, ఆ పెద్దమనుషుల ఎదుట చెప్పడమా? పూజను తప్పు పట్టినాడంటారు. నన్ను చూచి నలుగురూ నవ్వుతారు. దానికన్న అజాగ్రత్త అనిపించుకోవడమే మేలని అతనికి తోచినదట. ఇంట్లో మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదన్నాడు. నెలాఖరుకు పదకొండు రోజులున్నాయి.

ఆ మధ్యాహ్నం నేను పని చేయలేకపోయినాను. వాక్యంలో ఒక అక్షరం తప్పు పోతే పదిమార్లు దిద్దించిన చేయి నాది. ఆ చేయి చేసిన పనికి మరొకడు శిక్ష అనుభవిస్తుండగా, అతడే నా ఎదుట నేలమీద కూర్చొని దానిని సరిచేస్తున్నాడు. నా మోకాళ్ళ నొప్పి, నా రక్తపోటు, కుప్పం దాకా రెండు బస్సుల ప్రయాణం అన్నీ గుర్తుకు వచ్చినాయి. పోకుండా ఉండడానికి కారణాలు వెదకుతున్నానని నాకే తెలిసింది.

అతను మాత్రం పని ఆపలేదు. కడుపులోని రెండు సర్వోలనూ స్పిరిటుతో తుడిచినాడు. బొట్టు తుడిచేముందు ఒక్కొక్కదానిని తాకి చేయి కళ్ళకద్దుకొన్నాడు. థర్మోకోల్‌లో మర పట్టదు, తిప్పేకొద్దీ పొడి రాలిపోతుంది. అందుకని పుంగనూరు బస్టాండులో ఐసు అమ్మేవాని దగ్గర తెచ్చుకొన్న పుల్లలను జేబులోనుండి తీసినాడు. రెండేసి పుల్లలను ఒకదానిపై ఒకటి బంకతో అతికి, కడుపులో చిన్న గాళ్ళు కోసి, అందులో ఆ పుల్లలను కూర్చోబెట్టి, ఒక రోజంతా ఆరనిచ్చినాడు. సర్వోకు రెండువైపులా చెవులవలె రెండు రెక్కలుంటాయి. వాటి రంధ్రాలగుండా మరలను పుల్లల్లోకి బిగించినాడు. బిగించేముందు బ్యాటరీ కలిపి, చేతిపెట్టెలోని పుల్లను నడిమికి ఉంచి, సర్వో చేయి నిట్టనిలువుగా నిలిచిన తరువాతనే దానిని కమ్మికి తగిలించినాడు. నడిమి చూడకుండా తగిలిస్తే తోక ఎప్పటికీ ఒకవైపే వాలి ఉంటుందట. నా పాలికి వచ్చిన పని దారం చుట్టడం. పుస్తకపు వెన్నుకు వేసే ముడితోనే సర్వోను పుల్లలకు కట్టినాను. కట్టడం మరీ గట్టిగా ఉంటే రేపు తీయలేమని ఒకసారి విప్పించి, మళ్ళీ కట్టించినాడు. విద్యార్థిగా ఉండడం నాకు అలవాటు తప్పి చాలా కాలమైంది.

నాలుగవనాడు ఉదయం, నేనూ కుప్పం వస్తున్నానని చెప్పినాను. వద్దన్నాడు. నా భార్య కూడా వద్దన్నది. బస్సులో పడి వస్తే ఎవరు చూస్తారన్నది. విషయమంతా చెప్పినాక మందుల సంచీ సర్ది ఇచ్చింది.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి ఒంటిలో శక్తి లేదు. విమానాన్ని దుప్పటిలోనే అతను ఒడిలో పెట్టుకొని కూర్చొన్నాడు. కళాశాల గేటు దగ్గర మా బావమరిది ఎదురు వచ్చినాడు. నేను ఎందుకు వచ్చినానో విన్న తరువాత అతని ముఖం మారిపోయింది.

“బావా, ఇప్పుడు పోయి గంధం వల్ల పడిందంటే వాళ్ళు మిమ్మల్ని చూసి నవ్వుతారు. నేను రాసిచ్చిన కాగితం ఏమయితాది?” అన్నాడు.

నవ్వితే నవ్వనీ అన్నాను. కాగితం సంగతి నీవే చూచుకోమన్నాను. గొంతులో కోపం వినిపించడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. బహుశా అందుకే అతను వాదించలేదు. మా వెనుకనే వచ్చినాడు.

కార్యదర్శి చింతపండు వ్యాపారి. పెద్ద గిడ్డంగులున్న మనిషి. నన్ను ఆదరంగానే కూర్చోబెట్టినాడు. నేను ఎక్కువ మాటలు పెట్టుకోలేదు. ఆయుధపూజనాడు సర్వోకు గంధం ఎక్కడ పూసినానో, ఎంత పూసినానో, ఈ మనిషి చూచి కూడా నా మీది గౌరవంతో దాన్ని ఎట్లా తుడవక వదిలినాడో, అది ఆరి టేపును ఎట్లా పట్టనివ్వలేదో చెప్పి, తుడవకుండా నేనే దాచి తెచ్చిన టేపుముక్కను ఆయన బల్లమీద పెట్టినాను. పసుపు, ఎరుపు దానికి అంటుకొనే ఉన్నాయి. తప్పు నాది, ఈ మనిషిది కాదు అన్నాను.

ఆయన టేపును గోటితో తిప్పి చూచినాడు. నవ్వలేదు. “పూజ చేస్తే పడిందంటారా అయ్యవారూ?”

“పూజ చేస్తే పడలేదండీ. ఎక్కడ బొట్టు పెట్టవలెనో తెలియక పెట్టినందువల్ల పడింది.”

“ఈయన సూసి కూడా తుడవలేదంటిరే. అది ఈయన తప్పు కాదా?”

అవునన్నాడు పుంగనూరు మనిషి, నేను నోరు తెరిచేలోపలే. కార్యదర్శి కుర్చీలో వెనక్కు వాలినాడు. ఇంతదూరం వచ్చి నేను చేసింది ఇంతేనా, అతని తప్పును అతని నోటనే ఒప్పించడమా అనుకొన్నాను.

అప్పుడు తలుపు దగ్గర నిలబడిన మా బావమరిది గొంతు సవరించుకొన్నాడు.

“సార్, ఇప్పుడు పుల్లలేసి మరలతో బిగించి తెచ్చినాడు చూడండి, అట్లే బిగిస్తానని మొదట అంటించేనాడే రెండు దినాలు గడువు అడిగినాడు. మీరు రేపే వస్తాండారని నేనే ఇయ్యలేదు. టేపుతో అంటించేయమన్నా. కాగితంలో అది రాయలేదు.”

ఈ సంగతి నాకు తెలియదు. మదనపల్లెలో మూడు రోజులు నా ఎదుట కూర్చొని పనిచేసిన మనిషి ఒక్కమాటైనా చెప్పలేదు. అతని వైపు చూచినాను. అతను నేలను చూస్తున్నాడు.

కార్యదర్శి విమానాన్ని తెమ్మన్నాడు. దుప్పటి విప్పి, కడుపు తలుపు తీసి, చింతపండు బుట్టలో చేయి పెట్టి అడుగు సరుకు చూచేవాడి వాటంగా రెండు వేళ్ళు దూర్చి సర్వోను పట్టి లాగినాడు. కదలలేదు. రెండవదాన్నీ లాగినాడు. అదీ కదలలేదు. దారం ముడిని చూచి, ఇదెవరు కట్టినారని అడిగితే నేనే అన్నాను.

“అయితే ముగ్గురూ కలిసే పడేసినారు, ముగ్గురూ కలిసే లేపినారు” అని, మా బావమరిది వైపు తిరిగి, “ఆ కాగితం సించేసి ఇంకోటి రాసీయప్పా. జరిగిందంతా రాయి. ఈయన పనిలో ఉంటాడు” అన్నాడు. తరువాత ఫోను మోగితే అటు తిరిగి బెల్లం ధర గురించి మాట్లాడసాగినాడు. మేము లేచి బయటికి వచ్చినాము.

మా బావమరిది నన్ను ఆ పూటకు ఉండమన్నాడు. ఒకరి ముఖంలోకి ఒకరు చూడడం ఇద్దరికీ కష్టంగా ఉన్నది గనుక ఉండలేదు. శనివారం కావడంతో పుంగనూరు మనిషి కూడా నాతోనే బయలుదేరినాడు. పలమనేరులో ఎక్కిన బస్సులో ఖాళీ పాలక్యాన్లు నడవంతా ఉన్నాయి. నాకొక సీటు సంపాదించి తాను నిలబడినాడు. నడుము విరిగిపోతున్నా నేను ఆ గడువు మాట ఎందుకు దాచినావని అడిగినాను.

“ఆయన మీ బావమరిది కదా సామీ” అన్నాడు.

నాకు సంతోషం కలిగిందని వ్రాస్తే అబద్ధమవుతుంది. కళ్ళు మూసుకొని బస్సు కుదుపులు లెక్కపెట్టినాను. పుంగనూరు దగ్గరపడేటప్పుడు అతను వంగి, ఇంట్లోవాళ్ళకు ఉద్యోగం పోయిన సంగతి తాను చెప్పనే లేదనీ, ఇప్పుడిక చెప్పవలసిన పని లేదనీ నా చెవిలో అన్నాడు. క్యాన్ల నడుమనుండి దారి చేసుకొంటూ దిగి, తిరిగి చూడకుండా ఇంటివైపు పోయినాడు.